ఎంసీఎఫ్-7లో అనెక్సిన్ పాజిటివ్, కాస్పేస్-3 బ్యాండ్ మాత్రం లేదు. ఏది నమ్మాలి?

పీలేరు_పరిశోధన
నేలవేము ఆకు ఇథనాల్ ఎక్స్‌ట్రాక్ట్ మీద పని జరుగుతా ఉంది. సెల్ లైన్ ఎంసీఎఫ్-7, అంటే రొమ్ము క్యాన్సర్ కణాలు. ఎంటీటీ రంగు పరీక్షలో 48 గంటలకు ఐసీ50 (సిగ్నల్‌ని సగానికి దించే డోసు) తేలింది. అదే డోసు, అదే 48 గంటలు పెట్టి అనెక్సిన్ వీ-ఎఫ్‌ఐటీసీ, పీఐ వేసి ఫ్లో సైటోమీటర్‌లో నడిపితే (అనెక్సిన్ అపోప్టోసిస్‌ని, అంటే కణం తనంతట తాను చావడాన్ని, పట్టుకునే రంగు; పీఐ పొర చిరిగిన కణంలోకి పోయే రంగు) 58 శాతం కణాలు రెండూ పాజిటివ్ అయిన పైన కుడి గడిలో కూర్చున్నాయి. అనెక్సిన్ ఒక్కటే పట్టిన కింద కుడి గడిలో 4 శాతమే. ఏమీ వేయని కంట్రోల్‌లోనే 22 శాతం పాజిటివ్. వెస్టర్న్ బ్లాట్‌లో క్లీవ్డ్ కాస్పేస్-3 (అపోప్టోసిస్‌లో ప్రోటీన్లని కోసే ఎంజైమ్, తానూ కోతపడి చురుకైన రూపం) కోసం 17 కిలోడాల్టన్ల దగ్గర చూస్తే ఖాళీ. డీఎన్‌ఏ ల్యాడర్ జెల్‌లో తెగిన డీఎన్‌ఏ మెట్లు లేవు. డీలర్‌ని అడిగితే యాంటీబాడీ కొత్త లాట్ పంపిస్తానంటాడు. ఒక పరీక్ష అపోప్టోసిస్ అంటోంది, రెండు పరీక్షలు కాదంటున్నాయి. యాంటీబాడీ మార్చాలా, కిట్ మార్చాలా?

చిత్తూరు_బ్లాట్
రెండూ వద్దు. ఎంసీఎఫ్-7లో కాస్పేస్-3 అసలు ఉండదు. ఆ జన్యువు మూడో ఎగ్జాన్‌లో 47 బేస్‌లు ఎగిరిపోయాయి, దాంతో పని చేసే ప్రోటీనే తయారు కాదు. 1998లోనే ప్రచురించిన సంగతి. ఎన్ని లాట్లు తెప్పించినా 17 దగ్గర ఏమీ రాదు.

స్వర్ణముఖి
ల్యాడర్ రాకపోవడానికి కూడా మూలం అదే. డీఎన్‌ఏని న్యూక్లియోజోమ్‌ల (డీఎన్‌ఏ చుట్టుకున్న ప్రోటీన్ ఉండల) మధ్య కత్తిరించే ఎంజైమ్ సీఏడీ. మామూలు కణంలో ఐసీఏడీ దాన్ని పట్టి ఉంచుతుంది. ఐసీఏడీని ముక్కలు చేసి సీఏడీని వదిలిపెట్టే పని ప్రధానంగా కాస్పేస్-3ది. అది లేని కణంలో 180-200 బేస్ జతల గుణిజాల్లో మెట్లు కనిపించాలని ఎదురుచూడకూడదు. కాబట్టి మీ మూడు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేయడం లేదు. ఈ కణానికి పనికిరాని పరీక్షలు రెండు, సరిగా చేయాల్సిన పరీక్ష ఒకటి, అంతే.

అలిపిరి_పిప్పెట్
అదెట్లా? ఎంసీఎఫ్-7లో క్లీవ్డ్ కాస్పేస్-3 బ్యాండ్ చూపించిన పేపర్లు శానా ఉండాయి కదా?

చిత్తూరు_బ్లాట్
ఉన్నాయి. అలాంటి బ్లాట్ కనిపిస్తే మూడు అడగాలి. ఒకటి, సెల్ లైన్‌కి ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (డీఎన్‌ఏతో గుర్తింపు పరీక్ష) చేశారా? వేరే లైన్ కలిసిపోయిన ఎంసీఎఫ్-7 ఫ్లాస్కులు తిరుగుతూనే ఉంటాయి. రెండు, మార్కర్ లేన్ చూపించారా, లేక బ్యాండ్ చుట్టూ సన్నగా కత్తిరించి పెట్టారా? క్లీవ్డ్ కాస్పేస్-7 దాదాపు 20 దగ్గర వస్తుంది. యాంటీబాడీ దాన్ని కూడా కొంచెం పట్టుకుంటే, మార్కర్ లేని బొమ్మలో 17కీ 20కీ తేడా ఎవరికి తెలుస్తుంది? మూడు, కాస్పేస్-3 ఉన్న లైసేట్ పక్కన పెట్టారా?

పీలేరు, మీ దగ్గర తేలిగ్గా చేయదగ్గ పని: మొత్తం కాస్పేస్-3ని గుర్తించే యాంటీబాడీతో ఒక లేన్‌లో ఎంసీఎఫ్-7, పక్క లేన్‌లో కాస్పేస్-3 ఉన్న హెలా కణాలు గానీ జర్కాట్ కణాలు గానీ. పక్క లేన్‌లో 35 దగ్గర ప్రో రూపం రావాలి, ఎంసీఎఫ్-7లో రాకూడదు. వస్తే మీ ఫ్లాస్కులో ఉన్నది ఎంసీఎఫ్-7 ఒక్కటే కాదు.

ఆ తర్వాత వెతకాల్సినవి: పార్ప్-1 (కాస్పేస్‌లు కోసే ప్రోటీన్) 116 నుంచి 89 కిలోడాల్టన్లకి దిగడం, కాస్పేస్-7 35 నుంచి 20కి దిగడం, కాస్పేస్-9 ముక్కలు. ఈ లైన్‌లో పార్ప్‌ని కాస్పేస్-7 కోస్తుంది కాబట్టి 89 బ్యాండ్ మీద ఆధారపడొచ్చు.

పీలేరు_పరిశోధన
జెల్ 10 శాతం, మెంబ్రేన్ 0.45 మైక్రాన్ పీవీడీఎఫ్, రాత్రంతా ట్రాన్స్‌ఫర్. పార్ప్‌కి ఇది సరిపోతుందా?

చిత్తూరు_బ్లాట్
పార్ప్‌కి 8 లేదా 10 శాతం బాగుంటుంది. 116, 89 రెండూ విడివిడిగా కనిపించాలి కదా. చిన్న ముక్కలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. 17-20 కిలోడాల్టన్ల ప్రోటీన్ 10 శాతం జెల్‌లో డై ఫ్రంట్‌తో పాటే పరిగెత్తుతుంది. దాన్ని 0.45 రంధ్రాల మీద రాత్రంతా లాగితే మెంబ్రేన్ దాటి అవతలికి పోతుంది. చిన్నవాటికి 15 శాతం జెల్, 0.2 మైక్రాన్ పీవీడీఎఫ్, 20 శాతం మెథనాల్ ఉన్న బఫర్, 100 వోల్టుల దగ్గర గంట లోపు చల్లగా. వెనక రెండో మెంబ్రేన్ పెట్టి చూస్తే దాటిపోతోందో లేదో తేలిపోతుంది. లేన్‌కి 30-50 మైక్రోగ్రాములు.

అన్నిటికన్నా ముఖ్యం, తేలే కణాలు. చచ్చేవి ముందు అడుగు నుంచి ఊడి మీడియాలో తేలతాయి. మీడియా పారబోసి, అంటుకున్న వాటిని మాత్రమే లైస్ చేస్తే మీరు బతికిన వాటిని బ్లాట్ చేస్తున్నట్టు.

ఫ్లో_అక్క
బ్లాట్ సంగతి తేలింది కాబట్టి నేను ఫ్లో దగ్గరికొస్తా. 22 శాతం కంట్రోల్‌తో ఆ 58కి విలువ లేదు. ముందు కంట్రోల్‌ని 5-8 శాతానికి దించండి, ట్రీట్‌మెంట్ మాట తర్వాత.

ఫాస్ఫాటిడైల్‌సెరిన్ మామూలుగా పొర లోపలి వైపు ఉంటుంది. అపోప్టోసిస్‌లో బయటికి తిరుగుతుంది, అనెక్సిన్ వీ కాల్షియం సాయంతో దాన్ని పట్టుకుంటుంది. ఇందులో రెండు చిక్కులు. పొర ఎక్కడ చిరిగినా అనెక్సిన్ లోపలికి దూరి లోపలి సెరిన్‌కి అంటుకుంటుంది. కాల్షియం ఎక్కడ తగ్గినా అసలు అంటుకోదు. 0.25 శాతం ట్రిప్సిన్-ఈడీటీఏలో 5 నిమిషాలు వదిలేస్తే మొదటి చిక్కు. సరిగా కడగకుండా ఈడీటీఏ మిగిలితే రెండో చిక్కు. స్క్రేపర్ అయితే ఇంకా ఘోరం, పొర చీల్చేస్తుంది.

చేయాల్సిన వరస ఇది. పాత మీడియా ట్యూబులోకి. పీబీఎస్‌తో కడిగిన నీళ్లూ అదే ట్యూబులోకి. 0.05 శాతం ట్రిప్సిన్ 2 నిమిషాలు, లేదా అక్యుటేజ్ (మృదువుగా కణాల్ని ఊడదీసే ఎంజైమ్). సీరం ఉన్న మీడియాతో ఆపి అన్నీ ఒకే ట్యూబులో కలపండి. 300 జీ, 5 నిమిషాలు. ఆర్‌పీఎం కాదు, జీ. రోటర్ వ్యాసార్థం 10 సెంటీమీటర్లయితే 300 జీ అంటే దాదాపు 1,640 ఆర్‌పీఎం. చల్లని పీబీఎస్‌తో రెండుసార్లు కడగండి, వోర్టెక్స్ వద్దు, వేలితో తట్టి విడదీయండి. బైండింగ్ బఫర్‌లో (హెపెస్ 10 మిల్లీమోలార్ పీహెచ్ 7.4, ఉప్పు 140, కాల్షియం క్లోరైడ్ 2.5) మిల్లీలీటరుకు 10 లక్షల కణాలు ఉండేలా కలిపి 100 మైక్రోలీటర్లు తీసుకోండి, అంటే లక్ష కణాలు. అనెక్సిన్ 5 మైక్రోలీటర్లు, పీఐ (50 మైక్రోగ్రాములు/మి.లీ. స్టాక్) 5 మైక్రోలీటర్లు. చీకట్లో 15 నిమిషాలు. 400 మైక్రోలీటర్ల బఫర్ కలిపి గంటలోపు నడపాలి. పీబీఎస్‌లోకే కాల్షియం వేద్దామనుకోకండి, ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లగా అడుక్కి దిగిపోతుంది.

ప్రతిసారీ ఉండాల్సిన ట్యూబులు: రంగు లేనిది, అనెక్సిన్ ఒక్కటే, పీఐ ఒక్కటే, డీఎంఎస్‌ఓ లేదా ఇథనాల్ వెహికల్, స్టారోస్పోరిన్ 1 మైక్రోమోలార్. ఇది జర్కాట్‌లో 4-6 గంటలకే పని చేస్తుంది, ఎంసీఎఫ్-7కి ఎక్కువ సమయం ఇవ్వాలి. పీఐ ఒక్కటే ట్యూబుకి 56 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు ఉంచిన కణాలు కొన్ని కలిపితే కాంపెన్సేషన్‌కి మంచి పాజిటివ్ దొరుకుతుంది.

అలిపిరి_పిప్పెట్
అక్కా, ప్రొటోకాల్‌లో "రూమ్ టెంపరేచర్" అని రాస్తారు. మే నెలలో తిరుపతిలో కరెంటు పోయి ఏసీ ఆగితే ఆ రూము 37 డిగ్రీల ఇంక్యుబేటర్ కన్నా వేడిగా ఉంటాది. అప్పుడేం చేయాలి?

ఫ్లో_అక్క
మంచి ప్రశ్న. రూమ్ టెంపరేచర్ అంటే 20-25 అనుకోండి. వేడి పెరిగితే పీఐ తొందరగా లోపలికి చేరుతుంది, కణాలు ట్యూబులోనే పాడవుతాయి. థర్మోకోల్ డబ్బాలో నీళ్లు పోసి రెండు ఐసు ముక్కలు వేసి, థర్మామీటర్ పెట్టి 22 దగ్గర నిలపండి. నేరుగా ఐసు మీద పెడితే అంటుకోవడం నెమ్మదిస్తుంది, సమయం పెంచాల్సి వస్తుంది. కిట్ 2-8 డిగ్రీల్లో ఉండాలి. చెన్నై నుంచి పార్సెల్ వచ్చినప్పుడు జెల్ ప్యాకులు కరిగి ఉన్నాయా అని చూసి మరీ సంతకం పెట్టండి. అలాగని డీప్ ఫ్రీజర్‌లో దాచొద్దు, అనెక్సిన్ గడ్డకడితే పాడవుతుంది.

తలకోన_ఆకు
ఎవరూ ఎక్స్‌ట్రాక్ట్ మాట ఎత్తలేదు. ఆకుని ఇథనాల్‌లో నానబెడితే ముందు దిగేది పత్రహరితం. అది 670-680 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. 488 లేజర్ కింద 670 పైన చూసే డిటెక్టర్‌లో పీఐ పెట్టుకుంటే కణానికి అంటిన పత్రహరితం కూడా పీఐగా లెక్కకొస్తుంది. కాబట్టి ఫ్లో అక్క జాబితాకి ఇంకో ట్యూబు: ఎక్స్‌ట్రాక్ట్ ఇచ్చి ఏ రంగూ వేయని కణాలు. ఆ ట్యూబు పైకి జరిగితే 58లో కొంత ఆకుదే. పసుపుతో పని చేసేవాళ్లకి ఇదే బాధ ఎఫ్‌ఐటీసీ వైపు, కర్‌క్యుమిన్ ఆకుపచ్చగా వెలుగుతుంది కాబట్టి. డాక్సోరుబిసిన్‌ని పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టినవాళ్లకి పీఐ వైపు. అట్లాంటప్పుడు ఎర్ర లేజర్ మీద నడిచే ఏపీసీ అనెక్సిన్‌కి మారి, చనిపోయిన వాటికి డీఏపీఐ వాడటం మేలు.

ఎండిన ఆకు పొడిని ముందు హెక్సేన్‌తో ఒకటి రెండుసార్లు కడిగి, ఆ తర్వాత ఇథనాల్‌లో వేస్తే పత్రహరితం చాలా వరకు తగ్గుతుంది. బొగ్గుపొడితో తీసేస్తామంటారు కొందరు, అది చేదు పదార్థాల్ని కూడా పట్టుకుంటుంది, జాగ్రత్త.

ఎంటీటీకి కూడా ఇదే మాట. ఫ్లేవనాయిడ్లు కణాలు లేకుండానే ఎంటీటీని ఊదారంగు చేస్తాయి. మీడియా, ఎక్స్‌ట్రాక్ట్, ఎంటీటీ వేసి కణాలు లేని గుంటలు పెట్టారా?

పీలేరు_పరిశోధన
లేదు, వెహికల్ మాత్రమే ఉంది. రేపటి ప్లేట్‌లో పెడతా.

స్వర్ణముఖి
ఎంటీటీ మీద ఇంకొక్కటి. అది మైటోకాండ్రియా, ఇతర ఎంజైమ్‌ల రిడక్షన్ చూపిస్తుంది. కణం చచ్చిందో, పెరగడం ఆపిందో, నీరసపడిందో అది చెప్పలేదు. ఐసీ50 అంటే సగం కణాలు చచ్చాయని కాదు. నేలవేములోని ఆండ్రోగ్రాఫొలైడ్ కణచక్రాన్ని ఆపగలదని తెలుసు, కాబట్టి ఇక్కడ ఈ తేడా మరీ ముఖ్యం. ట్రిపాన్ బ్లూతో మొత్తం లెక్క, చచ్చినవాటి లెక్క విడిగా తీయండి.

మదనపల్లె_మైక్రోస్కోప్
ఇంత ఖర్చు ఎందుకండీ? అక్రిడిన్ ఆరెంజ్, ఇథిడియం బ్రోమైడ్ ఒక్కోటి 100 మైక్రోగ్రాములు/మి.లీ. పీబీఎస్‌లో కలిపి, 25 మైక్రోలీటర్ల కణాలకి 1 మైక్రోలీటరు. స్లైడ్ మీద పెట్టి నీలి ఫిల్టర్‌లో చూడండి. పచ్చగా సమంగా ఉన్న కేంద్రకం బతికిన కణం, పచ్చగానే ఉండి ముద్దలు కట్టింది తొలిదశ, నారింజ రంగులో ముద్దలు మలిదశ, ముద్దల్లేకుండా నారింజ రంగంటే నెక్రోసిస్. నాలుగూ కళ్లెదుటే. కణం ఆకారం చూసే కదా 1972లో అపోప్టోసిస్ అని పేరు పెట్టింది.

స్వర్ణముఖి
మొదటి చూపుకి ఒప్పుకుంటా, అది ఉండాల్సిందే. అదొక్కటే సరిపోదు. ఎంసీఎఫ్-7లో కేంద్రకం ముద్దలు కట్టడం కూడా కాస్పేస్-3 లేక బలహీనంగానే ఉంటుంది, మీరు తొలిదశని తక్కువ లెక్కపెడతారు. పైగా ఏ స్లైడ్ ఏదో తెలిసి లెక్కపెడితే కన్ను ఆశపడ్డ వైపే పోతుంది. స్లైడ్ల మీద కోడ్ వేరేవాళ్లు రాయాలి, స్లైడుకి కనీసం 200 కణాలు లెక్కపెట్టాలి, వేసిన 10-15 నిమిషాల్లో ముగించాలి. ఇథిడియం ముట్టిన పిప్పెట్ టిప్పులు విడి డబ్బాలోకి.

హార్స్‌లీ_హిస్టో
టనెల్ చేయండి, వివాదం ఉండదు. 1992 నుంచీ అందరూ ఒప్పుకునే పరీక్ష.

ఫ్లో_అక్క
అక్కడే వివాదం మొదలవుతుంది. టనెల్ పట్టుకునేది డీఎన్‌ఏలో తెగిన 3 ప్రైమ్ కొసల్ని. ఆ కొస అపోప్టోసిస్‌లో తెగిందా, నెక్రోసిస్‌లో తెగిందా, సెక్షన్ మీద ప్రొటీనేజ్-కే ఎక్కువై తెగినట్టు కనిపించిందా అని కొసకి గుర్తు అతికించే టీడీటీ ఎంజైమ్ అడగదు. సీఏడీ సరిగా మేల్కొనని ఎంసీఎఫ్-7లో టనెల్ నీరసంగా కూడా రావచ్చు. రెండు వైపులా తప్పు చూపించగలిగిన పరీక్ష ఇది.

హార్స్‌లీ_హిస్టో
కల్చర్ కణాల మాటకి ఒప్పుకుంటా. కణజాలానికి మాత్రం దానికి సాటి లేదు, ఏ కణం ఎక్కడ చచ్చిందో చోటుతో సహా చూపించేది అది. సరిగా చేస్తే తప్పుదారి పట్టించదు. ఫార్మలిన్‌లో 24 గంటలు దాటనీయకూడదు. పారాఫిన్ సెక్షన్లకి ప్రొటీనేజ్-కే 20 మైక్రోగ్రాములు/మి.లీ., 15 నిమిషాలతో మొదలుపెట్టి కాలేయానికి, మెదడుకి విడివిడిగా సమయం కుదుర్చుకోవాలి. ఒక స్లైడ్ డీఎన్‌ఏజ్-1తో 10 నిమిషాలు, అది పాజిటివ్. ఒక స్లైడ్ టీడీటీ లేకుండా, అది నెగటివ్. డీఎన్‌ఏజ్ స్లైడ్‌ని మిగతావాటితో ఒకే జాడీలో కడగొద్దు, ఎంజైమ్ పాకి అన్నీ పాజిటివ్ అయిపోతాయి. కొన్ని కిట్ల బఫర్‌లో కాకోడిలేట్ ఉంటుంది, అది ఆర్సెనిక్, చేతి తొడుగులు తప్పనిసరి. పక్క సెక్షన్‌లో క్లీవ్డ్ కాస్పేస్-3 కూడా వేస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఫ్లో_అక్క
కణజాలానికి, ఈ జాగ్రత్తలన్నీ తీసుకుంటే, నాకూ అభ్యంతరం లేదు.

పీలేరు_పరిశోధన
ఒక పెద్ద ఇబ్బంది చెప్పలేదు. ఫ్లో మెషీన్ మా దగ్గర లేదు, ఊరికి ఆ చివర వేరే క్యాంపస్‌లో ఉంది. రంగు వేసి బయల్దేరితే చేరి, స్లాట్ వచ్చేసరికి గంట దాటుతుంది.

అలిపిరి_పిప్పెట్
బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు స్లాట్ బుక్ చేసుకోవద్దప్పా. ఆ రోజు రోడ్డు మీద కణాలకి మోక్షం తప్ప డేటా రాదు.

ఫ్లో_అక్క
ఆ రోజు మాత్రం నిజంగా వద్దు :)

రెండు దారులు. మొదటిది, కణాల్ని సీరం ఉన్న మీడియాలో, ఐసు డబ్బాలో తీసుకెళ్లి, రంగు అక్కడే వేయండి. అనెక్సిన్‌కి ఇదొక్కటే సరైన దారి. ముందే ఫిక్స్ చేస్తే పొర తెరుచుకుంటుంది, పీఐ అన్ని కణాల్లోకీ పోతుంది, నాలుగు గడుల బొమ్మకి అర్థమే ఉండదు.

రెండోది, ఫిక్స్ చేసినా నిలిచే మార్కర్లకి మారడం. ముందు ఫిక్సబుల్ వయబిలిటీ డై, అది ప్రోటీన్లకి అంటుకునే రకం కాబట్టి సీరం లేని పీబీఎస్‌లో వేయాలి. తర్వాత 4 శాతం పారాఫార్మాల్డిహైడ్ 15 నిమిషాలు, ఆపైన 90 శాతం చల్లని మెథనాల్ 30 నిమిషాలు. మెథనాల్‌లోనే మైనస్ 20లో ఉంచి, తర్వాత కడిగి యాంటీబాడీ వేసుకోవచ్చు. చిత్తూరు చెప్పింది గుర్తుంది కదా, ఈ లైన్‌కి క్లీవ్డ్ కాస్పేస్-3 కాదు, క్లీవ్డ్ పార్ప్ యాంటీబాడీ. మెథనాల్‌కి తట్టుకోని రంగులు కొన్ని ఉన్నాయి, పీఈ, ఏపీసీ లాంటివి. అవి మెథనాల్ తర్వాతే వేయాలి.

పీలేరు_పరిశోధన
సబ్-జీ1 (మామూలు కన్నా తక్కువ డీఎన్‌ఏ మిగిలిన కణాల లెక్క) కుదరదా? దానికి ఇథనాల్ చాలు కదా.

ఫ్లో_అక్క
కణచక్రం ఆగిందో లేదో చూడటానికి చేయండి, స్వర్ణముఖి సందేహానికి జవాబు దొరుకుతుంది. 70 శాతం చల్లని ఇథనాల్‌ని మెల్లగా తిప్పుతూ చుక్క చుక్కగా పోయాలి, ఒక్కసారి పోస్తే ముద్దలవుతాయి. మైనస్ 20లో వారాలు ఆగుతుంది. పీఐ 50, ఆర్‌ఎన్‌ఏజ్ 100 మైక్రోగ్రాములు/మి.లీ., 37 డిగ్రీల్లో అరగంట, మెషీన్ నెమ్మది వేగంలో. ఎంసీఎఫ్-7లో సబ్-జీ1 చిన్నదిగా వస్తే చావు లేదని రాయొద్దు.

కార్వేటినగరం_కెమ్
ఇంతకీ 48 గంటలు ఎందుకు? శరీరంలో అపోప్టోటిక్ కణాన్ని మాక్రోఫేజ్ మింగేస్తుంది. ఫ్లాస్కులో మింగేవాళ్లు లేరు, కాబట్టి ప్రతి అపోప్టోటిక్ కణం చివరికి పగిలి పీఐ పాజిటివ్ అవుతుంది. రెండూ పాజిటివ్ అయిన గడి, గోడలు కూలాక ఇంట్లోకి వెళ్లి చూడటం లాంటిది, ఎవరు కూల్చారో అక్కడ తెలియదు. నెక్రోప్టోసిస్, పైరోప్టోసిస్ అనే వేరే రకాల చావుల కణాలు కూడా అదే గడికి చేరతాయి. 3, 6, 12, 24 గంటలు పెట్టండి. కణాలు ముందు కింద కుడి గడికి వెళ్లి, ఆ తర్వాత పైకెక్కితే అపోప్టోసిస్ వైపు మొగ్గు. ఎడమ నుంచి నేరుగా పైకెక్కితే వేరే చావు.

ఇంకా గట్టి సాక్ష్యం నిరోధకం. కాస్పేస్‌లని ఆపే జెడ్-వాడ్-ఎఫ్‌ఎంకే 20 మైక్రోమోలార్ ఒక గంట ముందు ఇచ్చి, తర్వాత ఎక్స్‌ట్రాక్ట్. అనెక్సిన్ దిగిపోతే కాస్పేస్‌ల మీద ఆధారపడిన చావు. దిగకపోతే నెక్రోస్టాటిన్-1 (నెక్రోప్టోసిస్‌ని ఆపేది) ఒక ట్యూబులో, ఫెర్రోస్టాటిన్-1 (ఇనుము వల్ల వచ్చే చావు, ఫెర్రోప్టోసిస్‌ని ఆపేది) ఇంకో ట్యూబులో వేసి చూడండి.

చిత్తూరు_బ్లాట్
జెడ్-వాడ్‌కి బదులు క్యూ-వీడీ-ఓపీహెచ్ 10-20 మైక్రోమోలార్ మంచిదంటాను. విషం తక్కువ. జెడ్-వాడ్ కొన్ని కణాల్లో కాస్పేస్-8ని ఆపి నెక్రోప్టోసిస్ వైపు నెట్టేస్తుంది, అప్పుడు చావు తగ్గలేదని తప్పుడు తీర్మానం.

కార్వేటినగరం_కెమ్
ఆ నెట్టడానికి కణంలో రిప్‌కే3 అనే ప్రోటీన్ ఉండాలి. హెలాలో లేదు, హెచ్‌టీ-29లో ఉంది. వాడే లైన్‌లో ముందు అది బ్లాట్ చేసి చూస్తే మన వాదన అక్కడే తేలుతుంది. డబ్బుంటే రెండూ పెట్టండి, లేకపోతే మీరన్న క్యూ-వీడీకే ఓటు.

పీలేరు_పరిశోధన
డీఈవీడీ-ఏఎఫ్‌సీ సబ్‌స్ట్రేట్ (కాస్పేస్ కోస్తే వెలిగేది) ఫ్రిజ్‌లో ఉంది. కాస్పేస్-3 లేదు కాబట్టి అది కూడా వృథానా?

చిత్తూరు_బ్లాట్
వృథా కాదు. డీఈవీడీని కాస్పేస్-7 కూడా కోస్తుంది. సిగ్నల్ తక్కువ రావచ్చు గానీ వస్తుంది. 400 దగ్గర ఎక్సైటేషన్, 505 దగ్గర ఎమిషన్. లైసేట్ బఫర్‌లో డీటీటీ 5-10 మిల్లీమోలార్ తాజాగా కలపాలి, లేకపోతే కాస్పేస్‌ల సిస్టీన్ ఆక్సీకరణమై పని ఆగుతుంది. ప్రతి సాంపిల్‌కి నిరోధకం వేసిన జత గుంట పెట్టి, ఆ తేడానే లెక్కలోకి తీసుకోండి. రాసేటప్పుడు మాత్రం "కాస్పేస్-3 చర్య" అనకండి, "డీఈవీడీ కోసే చర్య" అనండి. రివ్యూయర్ అక్కడే పట్టుకుంటాడు.

పీలేరు_పరిశోధన
ల్యాడర్ కూడా చూపించమని గైడ్ అంటున్నారు. లైన్ మార్చాలా?

స్వర్ణముఖి
మార్చకండి, పక్కన ఇంకొకటి చేర్చండి. రొమ్ము క్యాన్సర్ లైనే కావాలంటే ఎండీఏ-ఎంబీ-231, అందులో కాస్పేస్-3 ఉంది. పుణె ఎన్‌సీసీఎస్ కణాల బ్యాంకులో రెండూ దొరుకుతాయి. రెండు లైన్లలో ఒకే ఎక్స్‌ట్రాక్ట్, ఒకే సమయాలు పెడితే, కాస్పేస్-3 ఉన్నచోట ల్యాడర్ వచ్చి లేనిచోట రాకపోవడమే మీ పేపర్‌లో మంచి బొమ్మ అవుతుంది.

ల్యాడర్‌కి కనీసం 20 లక్షల కణాలు, తేలేవాటితో సహా. ట్రిస్ 10 మిల్లీమోలార్ పీహెచ్ 8, ఈడీటీఏ 10, ట్రైటాన్ 0.5 శాతం, ఐసు మీద 20 నిమిషాలు. 13,000 జీ, 20 నిమిషాలు, 4 డిగ్రీలు. చెక్కుచెదరని డీఎన్‌ఏ కింద ముద్దలో ఉండిపోతుంది, తెగిన ముక్కలు పైనీటిలో ఉంటాయి, ఆ పైనీరే కావాలి. చాలామంది మొత్తం డీఎన్‌ఏ కిట్‌తో తీస్తారు, పెద్ద డీఎన్‌ఏ వెలుగులో మెట్లు మునిగిపోతాయి. ఆర్‌ఎన్‌ఏజ్ 100 మైక్రోగ్రాములు/మి.లీ. 37లో గంట, ప్రొటీనేజ్-కే 200 మైక్రోగ్రాములు/మి.లీ. 50లో గంటన్నర. ఉప్పు 0.5 మోలార్‌కి తెచ్చి సమానంగా ఐసోప్రొపనాల్, మైనస్ 20లో రాత్రంతా. 2 శాతం అగరోజ్, 50 వోల్టులు, మూడు గంటలు. తొందరపడి 120 వోల్టులు పెడితే మెట్లు కలిసిపోతాయి. కింద 100 దగ్గర మసకగా వెలిగేది ఆర్‌ఎన్‌ఏ, దాన్ని మెట్టు అనుకోకండి. పాజిటివ్‌కి హెచ్‌ఎల్-60లో కాంప్టోథెసిన్ 4 మైక్రోమోలార్, 4-6 గంటలు.

అలిపిరి_పిప్పెట్
జేసీ-1 (మైటోకాండ్రియా పొటెన్షియల్ చూపే రంగు) గురించి ఎవరూ చెప్పలేదే?

కార్వేటినగరం_కెమ్
పొటెన్షియల్ పడిపోయిందని చెప్తుంది, చావు రకం చెప్పదు. చేస్తే పొటెన్షియల్‌ని పడగొట్టే సీసీసీపీ 50 మైక్రోమోలార్ కంట్రోల్ తప్పక. ఆకు ఎక్స్‌ట్రాక్ట్ ఉంది కాబట్టి తలకోన చెప్పిన రంగు లేని ట్యూబు ఇక్కడా కావాలి. సైటోక్రోమ్-సీ బయటికొచ్చిందని బ్లాట్‌లో చూపడం దీనికన్నా గట్టిది. డిజిటోనిన్‌తో సైటోసాల్ విడదీసి, మైటోకాండ్రియాలోనే ఉండే కాక్స్-4 ఆ భాగంలో లేదని అదే మెంబ్రేన్ మీద చూపించాలి. కాక్స్-4 కనిపిస్తే మైటోకాండ్రియా పగిలి కలిసిందన్నమాట, ఆ బ్లాట్ పక్కన పెట్టేయాలి.

పీలేరు_పరిశోధన
ముందు ఎంసీఎఫ్-7, హెలా లైసేట్లు పక్కపక్కన, మొత్తం కాస్పేస్-3, పార్ప్. ఆ తర్వాత కంట్రోల్ కణాలు ఒక్కటే ట్రిప్సిన్‌తోనూ అక్యుటేజ్‌తోనూ. అది దిగాకే సమయాల ప్రయోగం. వరస సరేనా?

ఫ్లో_అక్క
సరే. ట్రిప్సిన్, అక్యుటేజ్ పోలికలో ఎక్స్‌ట్రాక్ట్ ఇచ్చి రంగు వేయని ట్యూబు కూడా అదే రోజు నడిపేయండి. స్లాట్ ఒకటే కదా.

తలకోన_ఆకు
హెక్సేన్‌తో కడిగినదీ కడగనిదీ రెండూ పెట్టండి ఆ ట్యూబుకి.